గిట్ బ్లేమ్ లేని హాలీవుడ్

99 ఏళ్ల వయసులో ఒకావిడ తన జ్ఞాపకాల పుస్తకం అచ్చు వేయించింది. పేరు ఫ్రెడెరికా సేగర్ మాస్. 1900లో న్యూయార్క్‌లో పుట్టింది, 1999లో పుస్తకం వచ్చింది, 2012 జనవరిలో 111 ఏళ్లకి చనిపోయింది. అంటే మాటల్లేని సినిమాలకి కథలు రాసిన మనిషి, నేను యూకేజీలో కూర్చుని అక్షరాలు దిద్దుతున్నప్పుడు ఇంకా బతికే ఉందన్నమాట. ఈ లెక్క వేసుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు డీబీఎంఎస్ ఇంటర్నల్ ఉంది కాబట్టి కూడా పట్టలేదనుకోండి.

ఆవిడ కథ క్లుప్తంగా చెప్తాను. కొలంబియా యూనివర్సిటీలో జర్నలిజం మధ్యలో వదిలేసి, యూనివర్సల్ కంపెనీ న్యూయార్క్ ఆఫీసులో కథలు ఎంపిక చేసే ఉద్యోగంలో చేరింది. 1924లో హాలీవుడ్ వెళ్లింది. మర్నాటి ఏడాదే 'ద ప్లాస్టిక్ ఏజ్' అనే సినిమాకి నవల నుంచి కథ తయారు చేసింది. క్లారా బో అనే అమ్మాయిని పెద్ద స్టార్‌ని చేసిన సినిమాల్లో అదొకటి. కాలేజీ కుర్రాళ్ల కథే, మనలాంటి వాళ్లది. తర్వాత ఎంజీఎం కాంట్రాక్టు. అక్కణ్నుంచి మొదలైంది గొడవ. నేను రాసిన దాని మీద వేరే వాళ్ల పేరు వేశారు, అడిగితే గొడవమనిషి అని ముద్ర వేశారు, కథలు చదవడానికని తీసుకుని వాడేసుకున్నారు... పుస్తకమంతా ఇదే మంట. చాలామంది పెద్దవాళ్ల పేర్లు పెట్టి మరీ రాసింది. పార్టీల్లో ఎవరెలా ప్రవర్తించారో కూడా వదల్లేదు.

1941లో భర్త ఎర్నెస్ట్‌తో కలిసి ఒక కథ రాసింది. టైప్‌రైటర్ కొత్తగా వచ్చిన రోజుల్లో బోస్టన్‌లో ఒకమ్మాయి ఆఫీసు ఉద్యోగంలో చేరితే ఏమవుతుందీ అన్నది విషయం. మగవాళ్లే ఉండే ఆఫీసులోకి ఆడపిల్ల టైప్ కొట్టడానికి వెళ్లడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతో చెప్పే సీరియస్ కథ. స్టూడియో కొనుక్కుంది. 1947లో అది 'ద షాకింగ్ మిస్ పిల్‌గ్రిమ్' అనే పాటల సినిమాగా బయటికొచ్చింది. ఫ్రెడెరికా చూసి కుమిలిపోయింది. 1950 నాటికి పని లేదు, డబ్బు లేదు, ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి ఏయే పత్రికలకి చందా కడుతున్నారని ప్రశ్నలు. మొగుడూ పెళ్లాలిద్దరూ బతుకు మీద ఆశ వదిలేసుకునేదాకా వెళ్లి, ఆఖరి నిమిషంలో ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చి వెనక్కి వచ్చేశారు. ఆ తర్వాత ఆవిడ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. ఏ ఉద్యోగమో తెలుసా? టైపిస్టు.

ఇలాంటి మలుపు మనం స్క్రిప్టులో రాస్తే మన క్లబ్‌లోనే 'మరీ సినిమాటిక్‌గా ఉంది, తీసెయ్' అంటారు.

చివరికి కెవిన్ బ్రౌన్‌లో అనే బ్రిటిష్ సినిమా చరిత్రకారుడు రాయమని వెంటపడితే రాసింది. పుస్తకానికి పేరు కూడా ఆ సినిమా పేరే పెట్టుకుంది. నాకైతే ఇది కసిగా అనిపించింది. మీరు చెడగొట్టిన పేరుని నేనే తిరిగి తీసుకుంటున్నా అన్నట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చదువుతున్నంతసేపూ ఆవిడ చెప్పిన ప్రతి మాటా నమ్మేశాను. నమ్మడానికి నాకు సొంత కారణం ఒకటి ఉంది. పోయిన సెమిస్టర్‌లో ఫెస్ట్ కోసం మా గ్యాంగ్ ఒక షార్ట్ ఫిల్మ్ తీసింది. పన్నెండు నిమిషాలు. డైలాగులు నేను రాశాను. స్క్రీనింగ్ రోజు ఆడిటోరియంలో 'రచన, దర్శకత్వం' కింద ఒకే ఒక్క పేరు పడింది, అది నాది కాదు. నా పేరు ఆఖర్న 'కృతజ్ఞతలు' లిస్టులో, క్యాంటీన్ అన్న పేరు తర్వాత. (క్యాంటీన్ అన్న షూటింగ్‌కి బల్లలు, కుర్చీలు ఇచ్చాడు, నాలుగుసార్లు టీ కూడా ఫ్రీ. ఆయనకి ఆ ప్లేసు న్యాయమే.)

అడిగాను. 'అందరం కూర్చుని అనుకున్నాం కదా, ఎవరిదని చెప్తాం' అన్నారు. నేను చూపించడానికి ఏముంది? రాసింది రఫ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో. సెమ్ అయిపోగానే ఆ నోట్‌బుక్ పాత పేపర్లవాడికి పోయింది. గ్రూపులో పెట్టిన మెసేజీలు వారానికోసారి వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్‌లో ఉన్నాయి. ఇదే గ్యాంగ్‌తో చేసిన మినీ ప్రాజెక్టులో అయితే ఎవరు ఏ లైను రాశారో ఇప్పటికీ చెప్పొచ్చు. మెకానికల్, సివిల్ ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా: కోడ్ పెట్టుకునే గిట్‌లో 'బ్లేమ్' అని ఒక కమాండ్ ఉంటుంది. ప్రతి లైను పక్కనా అది రాసిన వాడి పేరూ, తేదీ చూపిస్తుంది. ఒక మహానుభావుడు సెమిస్టర్ మొత్తంలో చేసిన పని రీడ్‌మీ ఫైల్లో ఒక కామా పెట్టడం అని మా అందరికీ అలాగే తెలిసింది.

కాబట్టి ఫ్రెడెరికాని నమ్మడం నాకు చాలా ఈజీ. కానీ రెండోసారి చదివితే ఒక ఇబ్బంది కనిపించింది. ఆవిడ ఎవరెవరి మీద రాసిందో వాళ్లలో దాదాపు ఎవరూ 1999 నాటికి బతికి లేరు. కాదు అని చెప్పేవాడు లేడు. డెబ్బై ఏళ్ల కిందటి గదిలో ఎవరు ఏం అన్నారో మాటకి మాట గుర్తుండటం సాధ్యమేనా? నాకు పోయిన వారం మెస్‌లో ఏం కూర పెట్టారో గుర్తులేదు.

అందుకే జ్ఞాపకం కాకుండా కాగితం మీద నడిచిన ఒక గొడవ గురించి చెప్పాలి. 'మాంక్' సినిమా చూసే ఉంటారు కొందరు, 2020లో డేవిడ్ ఫించర్ తీసింది. హెర్మన్ మాంకివిచ్ అనే రచయిత, కాలు విరిగి మంచం మీద పడుకుని, సెక్రటరీకి చెప్తూ 'సిటిజన్ కేన్' మొదటి డ్రాఫ్టు రాయిస్తుంటాడు. మాంకివిచ్ 1926లో హాలీవుడ్‌కి వచ్చినవాడు, మూకీల కాలం మనిషే. మొదటి ఒప్పందం ప్రకారం అతని పేరు పడకూడదు. గొడవ పెట్టుకున్నాక పేరు పడింది, ఆర్సన్ వెల్స్ పేరుతో పాటు. ఆ సినిమాకి వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ ఆ స్క్రిప్టుకే. 1971లో పాలీన్ కేల్ అనే ప్రసిద్ధ విమర్శకురాలు పెద్ద వ్యాసం రాసి, స్క్రిప్టు దాదాపు మొత్తం మాంకివిచ్‌దే అంది. ఆవిడ ఎక్కువగా ఆధారపడింది మనుషుల జ్ఞాపకాల మీద. వెల్స్‌ని మాత్రం అడగలేదు. 1978లో రాబర్ట్ క్యారింజర్ అనే ప్రొఫెసర్ ఇంకో పని చేశాడు. స్టూడియో దాచిన డ్రాఫ్టులన్నీ ముందేసుకుని, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఏ సీను ఎప్పుడు మారిందో చూశాడు. మొదటి రూపం మాంకివిచ్ ఇచ్చిందే, కానీ తర్వాతి డ్రాఫ్టుల్లో వెల్స్ చేసిన మార్పులు చిన్నవి కావు అని తేలింది. క్యారింజర్ చేసింది మనం రోజూ చేసే డిఫే. కాకపోతే చేత్తో.

హాలీవుడ్ స్క్రిప్టుల్లో ఇంకో ముచ్చట ఉంది. షూటింగ్ మొదలయ్యాక మార్చిన పేజీలని రంగు కాగితాల మీద వేస్తారు. తెలుపు తర్వాత నీలం, ఆ తర్వాత గులాబీ, పసుపు, ఆకుపచ్చ... ఇలా. పాత కట్ట చేతిలోకి తీసుకుంటే అంచులు చూసే చెప్పొచ్చు ఏ సీను ఎన్నిసార్లు తిరగరాశారో. కమిట్ హిస్టరీకి కాగితం రూపం ఇంతకంటే ఏముంటుంది?

ఆ కాగితాలు దాచడానికి అక్కడ చోట్లున్నాయి. ఆస్కార్లు ఇచ్చే అకాడమీకి బెవర్లీ హిల్స్‌లో మార్గరెట్ హెరిక్ లైబ్రరీ ఉంది. స్క్రిప్టులు, ఉత్తరాలు, ఆఫీసు మెమోలు, ఫొటోలు అన్నీ ఉంటాయి. ఫ్రాన్సిస్ మారియన్ కాగితాలు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఉన్నాయి. ఈవిడ ఫ్రెడెరికా కంటే పన్నెండేళ్లు పెద్ద, రచనకి ఆస్కార్ గెలిచిన మొదటి మహిళ, అదీ రెండుసార్లు, 'ద బిగ్ హౌస్'కీ 'ద చాంప్'కీ. తన జ్ఞాపకాలు 1972లో వేసింది, మర్నాటి ఏడాది పోయింది. ఈవిడకి పుస్తకమూ ఉంది, కాగితాలూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు.

'సినిమా ఉంది కదా, కాగితాలెందుకు' అని ఒక సీనియర్ అడిగాడు. సినిమా ఎక్కడుందీ? లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక లెక్క తేల్చింది. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో వచ్చిన దాదాపు 11 వేల మూకీ ఫీచర్ సినిమాల్లో, విడుదలైన రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతం. మిగతావి కాలిపోయాయి, కుళ్లిపోయాయి, పాతబడ్డాయని స్టూడియోలే పారేశాయి. 1921 నాటి మన 'భీష్మ ప్రతిజ్ఞ' సంగతీ అంతే, రీలు మిగల్లేదు. తమాషా ఏంటంటే అమెరికాలో అంతకంటే పాత సినిమాలు మూడు వేల దాకా బతికాయి, అదీ కాగితం వల్లే. 1912కి ముందు కాపీరైట్ చట్టంలో సినిమాకి విడిగా చోటు లేదు. అందుకని ఫ్రేములన్నీ పొడుగాటి కాగితం చుట్టల మీద ప్రింట్ చేసి, ఫొటోలుగా రిజిస్టర్ చేయించేవాళ్లు. దశాబ్దాల తర్వాత ఆ చుట్టల్ని మళ్లీ ఫిల్ము మీదికి ఎక్కించారు. గుమాస్తా పని కోసం ఇచ్చిన నకలు సినిమాని కాపాడింది.

ఇంతదాకా నా వాదన సింపుల్‌గానే ఉంది. జ్ఞాపకాన్ని నమ్మొద్దు, కాగితాన్ని దాచండి. వ్యాసం ఇక్కడితో ఆపేసి ఎడిటర్‌కి పంపేద్దామనుకున్నాను. అప్పుడే ఫోన్ స్టోరేజ్ నిండిపోయింది.

పాత వాయిస్ నోట్స్ ఒక్కొక్కటీ విని డిలీట్ చేస్తున్నాను. ఒకటి మా రూములో రికార్డయింది, షూటింగ్‌కి ముందు రోజులది. మా షార్ట్ ఫిల్మ్‌లో హాలంతా విజిల్స్ వేసిన డైలాగ్ ఒకటుంది. ఇన్విజిలేటర్‌తో హీరో అంటాడు: 'సార్, పేపర్ అవుటాఫ్ సిలబస్ కాదు, నేనే అవుటాఫ్ సిలబస్.' ఆ డైలాగ్ నాదని ఎంతమందికి చెప్పుకున్నానో లెక్కలేదు. అది దోచుకున్నారనే కదా నా ఏడుపంతా. రికార్డింగ్‌లో ఆ మాట మొదట అన్న గొంతు నాది కాదు, మా రూమ్మేట్‌ది. పరీక్ష రాసొచ్చి, చెప్పులు విడుస్తూ, తన గురించి తాను అనుకుంది. వెంటనే నా గొంతు: 'ఏయ్ ఆగవే, రాసుకోనీ.'

నేను అబద్ధం చెప్పలేదు. నిజంగా నాదనే అనుకున్నాను. రాసుకున్న క్షణం గుర్తుంది, విన్న క్షణం చెరిగిపోయింది. నోట్‌బుక్ అమ్మేయకుండా దాచి ఉంటే ఏమయ్యేది? అందులో నా చేతిరాత ఉండేది, తన పేరు ఉండేది కాదు. నా కాగితం కూడా నా తరఫునే అబద్ధం ఆడేది.

అమెరికాలో రచయితల గిల్డ్ 1940ల మొదట్లో పోరాడి, పేరు ఎవరిదో నిర్మాత కాకుండా తనే తేల్చే హక్కు తెచ్చుకుంది. ఇప్పటికీ తగాదా వస్తే పేర్లు బయటపెట్టని ముగ్గురు రచయితలు డ్రాఫ్టులన్నీ చదివి తీర్పు చెప్తారు. లెక్కలోకి వచ్చేది రాసిందే. నోటితో అన్నది రాదు. మంచి రూలే, ఫ్రెడెరికా యవ్వనంలో ఉండి ఉంటే ఆవిడ బతుకు వేరేలా ఉండేది. కానీ ఆ రూలు కింద మా రూమ్మేట్‌కి వచ్చేది సున్నా. మాంకివిచ్ చెప్తుంటే టైప్ చేసిన సెక్రటరీ మధ్యలో 'ఇది బాలేదు సార్' అని ఎన్నిసార్లు అని ఉంటుందో కూడా ఏ రంగు పేజీలోనూ ఉండదు. ఆ ఖాళీలో జ్ఞాపకాల పుస్తకం తప్ప ఇంకేం పనికొస్తుంది? అందుకని 99 ఏళ్ల ఫ్రెడెరికాని నేను మళ్లీ షెల్ఫ్‌లోకి తెచ్చుకున్నాను. సాక్ష్యంగా కాదు, ఒక పక్షం వాదనగా. ఇంకో పక్షం కూడా ఎక్కడో ఉండే ఉంటుందని గుర్తుపెట్టుకుని చదువుతాను.

క్లబ్ వాళ్లకి ఒక మాట. మన డ్రైవ్‌లో 'ఫైనల్', 'ఫైనల్ ఫైనల్', 'ఇదే ఫైనల్' అని మూడు ఫైళ్లుంటాయి, పాతవి ఎవరో ఒకరు క్లీనింగ్ పేరుతో లేపేస్తారు. లేపొద్దు. నాటకానికైనా, షార్ట్ ఫిల్మ్‌కైనా, ఈ మ్యాగజైన్‌కైనా డ్రాఫ్టులకి ఒక ఫోల్డర్ పెడదాం, తేదీలతో. కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేద్దాం, అందరికీ చెప్పే. ఓవర్ యాక్షన్ అంటారని తెలుసు. కాలేజీ షార్ట్ ఫిల్మ్‌కి ఆర్కైవ్ ఏంటి అంటారు. పాతబడ్డ రీళ్లు పారేసిన స్టూడియోల వాళ్లకీ అదే అనిపించి ఉంటుంది.

వాయిస్ నోట్ రూమ్మేట్‌కి వినిపించాను. నవ్వింది.

'నాదని నాకు తెలుసే. ఫెస్ట్ అయ్యాక వారం రోజులు నువ్వు ఫోన్‌లో అందరికీ చెప్తుంటే పక్క మంచం మీదే ఉన్నా కదా.'

'మరి అప్పుడే చెప్పొచ్చుగా?'

'అప్పటికే ఏడుస్తున్నావ్. నేను కూడా మొదలెడితే ఏం బావుంటుంది?'

ఆ రికార్డింగ్ 47 సెకన్లు. క్లబ్ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ తెరిచి, తేదీ వేసి, అందులో మొదటి ఫైల్‌గా పెట్టాను.