రసగోలా ఎవరిది అన్న తగవులో మన మిఠాయి దుకాణాల మాటేమిటి?

నీలాద్రి బిజే నాడు రథయాత్ర ముగించుకుని వచ్చిన జగన్నాథస్వామికి లక్ష్మీదేవి తలుపు తీయదు. తనను వదిలి వెళ్లాడని అలక. స్వామి రసగోలా ఇచ్చి బుజ్జగిస్తాడు. ఒడిశాలో పుట్టి పెరిగిన మనకు ఇది తెలిసిన ముచ్చటే. బెంగాలీలేమో 1868లో కలకత్తా బాగ్‌బజార్‌లో నవీన్ చంద్ర దాస్ చేతిలోనే రసగుల్లా పుట్టిందంటారు.

2017 నవంబర్ 14న 'బాంగ్లార్ రసొగొల్లా'కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒడిశా ఓడిపోయిందని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. 2019 జూలై 29న 'ఒడిశా రసగోలా'కూ అదే గుర్తింపు దక్కింది. అయితే ఎవరు ముందు కనిపెట్టారో చెన్నైలోని రిజిస్ట్రీ తేల్చలేదు, అది దాని పనీ కాదు. తెల్లగా, స్పాంజిలా ఉండే బెంగాల్ సరుకు ఒకటి. మెత్తగా, కాస్త ఎర్రటి ఛాయతో నోట్లో కరిగిపోయే ఒడిశా సరుకు మరొకటి. రెండూ ఛెనాతో చేసినవే అయినా రెండు పేర్లుగా నమోదయ్యాయి.

మాలో చాలామందిమి కాగితాల మధ్యే ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లం. అందుకే పండగ కన్నా ఫారమే ముందు చూస్తాం. రాష్ట్రానికి గుర్తింపు వచ్చినంత మాత్రాన దుకాణదారుకు ఆ ముద్ర వాడే హక్కు రాదు. అతను విడిగా 'అధీకృత వినియోగదారు'గా నమోదు కావాలి. 2020లో నిబంధనలు మార్చి ఆ దరఖాస్తు రుసుమును అయిదు వందల నుంచి పది రూపాయలకు తగ్గించారు. మరి మన వీధి మిఠాయి దుకాణాల్లో ఎంతమంది ఈ పని చేశారు?

"మేం తెలుగువాళ్లం, మాకిస్తారా?" అని ఒక దుకాణదారు మమ్మల్ని అడిగాడు. చట్టం ఇంట్లో మాట్లాడే భాష అడగదు. నమోదైన ప్రాంతంలో, నమోదైన పద్ధతిలో సరుకు తయారు చేస్తున్నారా అన్నదే అడుగుతుంది. బరంపురం పట్టుకూ ఈ గుర్తింపు ఉంది. ఆ మగ్గాల మీద తరతరాలుగా కూర్చున్నది ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన నేతగాళ్ల కుటుంబాలే కదా! అటు తిరుపతి లడ్డుకూ, ఆత్రేయపురం పూతరేకులకూ వచ్చిందని మురిసిపోయే మనం, ఇక్కడ మన చేతిలో ఉన్నదాన్ని వదిలేసుకుంటున్నాం.

ఇంకొక సంగతి. ఈ నమోదు పదేళ్లకే, తర్వాత రెన్యూవల్ చేయించాలి. పాలు ఎక్కడ కొంటారో, ఛెనా ఎలా విరగ్గొడతారో, పాకం ఎంతసేపు మరిగిస్తారో ఒక కాగితం మీద రాసి తెస్తే, ఫారం నింపే పని మేం చూసుకుంటాం.