గాలి మలిచిన నేల

ఆగస్టు 23, జాతీయ అంతరిక్ష దినోత్సవం. 2023లో ఇదే రోజు చంద్రయాన్-3 దిగిన నేల మీద గాలి లేదు. ప్రజ్ఞాన్ రోవర్ చక్రాల జాడల్ని చెరపడానికి అక్కడ ఈదురుగాలీ రాదు, వానా పడదు. గాలి వీచే లోకాల కథ వేరు. ఈసారి పిల్లలకు ఆ కథ చెప్పాలి.

వేసవిలో గాలి లేచినప్పుడు పటాన్‌చెరు పక్కనున్న భానూర్ దగ్గర లారీలు తిరిగే రోడ్డు అంచున నిలబడండి. మెత్తటి దుమ్ము కళ్లలో పడుతుంది. ముతక ఇసుక మాత్రం పిక్కలకు చుర్రుమని తగులుతుంది, చాలావరకు మోకాలు దాటి పైకి రాదు. రేణువు గెంతుతుంది, పడుతుంది, పడుతూ మరికొన్నింటిని లేపుతుంది. ఈ గెంతులకు లెక్క కట్టి రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే పరిశోధకుడు 1941లో పుస్తకం రాశాడు. అంగారకుడి దిబ్బలను చదివేవాళ్లు నేటికీ దాన్నే ముందేసుకుంటారు.

అంగారకుడి మీద గాలి పీడనం మన దగ్గరి దానిలో నూరోవంతు కూడా లేదు. అయినా అక్కడ దిబ్బలు ఏడాదికి సగటున అర మీటరు జరుగుతున్నాయి. శని ఉపగ్రహం టైటాన్‌లో సున్నాకు దిగువన 180 డిగ్రీల చలి; అక్కడి ఇసుక రాతిపొడి కాదు, కర్బన పదార్థం. దానితోనే వందల కిలోమీటర్ల పొడవైన దిబ్బలు లేచాయి. రేణువు ఏదైతేనేం, పొడిగా, విడిగా ఉండి గాలికి దొరికితే చాలు.

మన దగ్గర అలా దొరకడం అరుదు. వాన, గడ్డి వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి. పటాన్‌చెరు చుట్టుపక్కల ఒకదానిమీద ఒకటి నిలిచిన గుండ్లను గాలే చెక్కిందని చాలామంది అనుకుంటారు. కాదు. నేల లోపల నీరు గ్రానైటును పగుళ్ల వెంట కుళ్లబెట్టింది, ఆ మట్టి కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి.

తెలుగు నేలలో గాలి పనితనం చూడాలంటే విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాలి. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఒడ్డుకు మోసింది. వేల ఏళ్లలో రేణువులకు ఇనుప తుప్పు పట్టి ఇసుక ఎర్రబడింది. అంగారకుడి ఎరుపూ అదే. తర్వాత వాన నీళ్లు ఆ దిబ్బలను లోతైన గండ్లుగా కోశాయి. గాలి పనీ, నీటి పనీ ఇక్కడ పక్కపక్కన కనిపిస్తాయి.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. అయినా చుట్టూ ఇళ్ల స్థలాల ఒత్తిడి, తవ్వకాలు ఆగలేదు. గాలికి వేల ఏళ్లు పట్టిన పనిని పొక్లెయిన్ ఒక్క పూటలో చెరిపేస్తుంది, అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రక్షిత ప్రాంతానికి హద్దురాళ్లు వేసి, దాని చుట్టూ తవ్వకాలను పూర్తిగా ఆపడం ప్రభుత్వం వెంటనే చేయాల్సిన పని. బడులు తమ విజ్ఞాన యాత్రల్లో శ్రీహరికోటతో పాటు భీమిలినీ చేర్చుకోవాలి.