మూలికే కదా అని మింగవచ్చునా?

"ఇది మందు కాదండీ, మూలిక. దుష్ఫలితాలేవీ ఉండవట" అంటూ అమెరికాలోని పిల్లలు పంపిన సీసాలు చూపించే పెద్దలు నాకు తరచుగా తారసపడుతున్నారు. అటువంటి సీసాలలో సెయింట్ జాన్స్ వర్ట్ ఒకటి. దానిని గురించి కొంత చెప్పవలసి ఉన్నది.

ఐరోపాలో పచ్చిక బయళ్ళలోనూ, బాటల పక్కనూ పెరిగే పసుపు పూల మొక్క ఇది. శాస్త్రీయ నామం హైపెరికమ్ పెర్ఫొరేటమ్. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సూదితో పొడిచినట్లు చుక్కలు కనిపిస్తాయి. నిజానికి అవి తైలగ్రంథులు. మొగ్గను నలిపితే వేళ్ళకు ఎర్రని రసం అంటుకొంటుంది. జూన్ 24న వచ్చే బాప్తిస్మమిచ్చు యోహాను పండుగ నాటికి పూస్తుంది గనుక ఆ పేరు వచ్చింది. ఈ పూలను నూనెలో నానబెట్టి గాయాలకు పూయడం అక్కడి పాత వైద్యం. ఇప్పుడు ముఖ్యంగా మానసిక కుంగుబాటుకు వాడుతున్నారు. జర్మనీలో వైద్యులే వ్రాసి ఇస్తారు.

ఇదంతా మూఢనమ్మకమని కొట్టివేసే మా వృత్తివారితో నేను ఏకీభవించను. 2008 నాటి కొక్రేన్ సమీక్ష 29 పరీక్షలను, 5,489 మంది రోగుల వివరాలను పరిశీలించింది. ఉత్తుత్తి మాత్ర కన్నా ఇది మెరుగని, డిప్రెషన్‌కు వాడే సాధారణ మందులతో దాదాపు సమానమని తేల్చింది. జర్మన్ మాట్లాడే దేశాలలో ఫలితాలు మరింత అనుకూలంగా వచ్చాయన్న సంగతిని కూడా ఆ సమీక్షే ఎత్తిచూపింది. అది కొంత అనుమానించదగినదే. అయినా ఈ మూలికకు గుణమున్నదనే నా అభిప్రాయం. నా భయమూ అందుకే.

ఇందులోని హైపర్‌ఫోరిన్ అనే పదార్థం, మందులను విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైమ్‌ను కాలేయంలోనూ పేగుల్లోనూ పెంచుతుంది. దానితో మనం వేసుకొనే ఇతర మందులు పని పూర్తికాకుండానే ఖర్చయిపోతాయి. గుండె మార్పిడి జరిగిన ఇద్దరు రోగులలో, ఈ మూలిక వాడిన తరువాత రక్తంలో సైక్లోస్పోరిన్ పడిపోయి, శరీరం కొత్త గుండెను తిరస్కరించసాగిందని 2000లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. హెచ్‌ఐవీ మందు ఇండినావిర్ రక్తంలో సగానికి పైగా తగ్గిపోయినట్లు అదే సంవత్సరం వెల్లడయింది. గర్భనిరోధక మాత్రలు విఫలం కావచ్చును. డిప్రెషన్ మాత్రలతో కలిపి వేసుకొంటే వణుకు, చెమటలు, జ్వరం, తీవ్రమైన ఆందోళనతో ప్రాణం మీదకు రావచ్చును.

ఇన్ని చిక్కులున్న పదార్థం అమెరికాలో ఆహార పూరకంగా ఎవరికైనా దొరుకుతుంది. ఐర్లండ్ 2000లోనే దీనిని వైద్యుని చీటీ ఉంటేనే అమ్మాలన్నది. అదే సరైన పద్ధతి అంటాను.

గుండె కవాటం మార్పించుకొని వార్ఫరిన్ వాడుతున్నవారు మరీ జాగ్రత్తపడాలి. ఈ మూలిక ఆ మందు బలాన్ని తగ్గించి, రక్తం గడ్డకట్టే ప్రమాదం తెస్తుంది. ఇప్పటికే రెండూ కలిపి వాడుతున్నవారు భయపడి మూలికను హఠాత్తుగా మానరాదు. మానిన కొద్ది రోజులకే ఎంజైమ్ మామూలు స్థితికి చేరుకొని, వార్ఫరిన్ బలం పెరిగి, రక్తస్రావం కావచ్చును. సీసాను వెంట తీసుకొని మీ వైద్యుని వద్దకు వెళ్ళండి. ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకొంటూ ఆయన చెప్పిన ప్రకారమే మానండి.