మోసినవాడి పేరెక్కడ?

యుద్ధాల గురించి ఎవరు రాసినా సేనాపతి ఎత్తుగడలే. సైన్యానికి బళ్ళు, ఎడ్లు, గడ్డి, డేరాలు సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ ఊసు ఎవరికీ పట్టదు. నన్నడిగితే చాలా యుద్ధాల్లో గెలుపోటములు తేలేది ఆయన దగ్గరే.

నమ్మరా? కార్న్‌వాలిస్‌నే తీసుకోండి. అమెరికాలో ఆయన తరిమిన జనరల్ నాథనియెల్ గ్రీన్ అంతకుముందు, 1778-80లో, వాషింగ్టన్ సైన్యానికి క్వార్టర్‌మాస్టర్ జనరల్. చరిత్రలో క్వార్టర్‌మాస్టర్ పేరు ఎవరు విన్నారని వాషింగ్టన్‌కే మొరపెట్టుకున్నాడు పాపం. కానీ 1781 ఫిబ్రవరిలో ఆ అనుభవమే కాపాడింది. తన క్వార్టర్‌మాస్టర్ కారింగ్టన్ చేత ముందే పడవలు సిద్ధం చేయించి డాన్ నది దాటేశాడు. వేగంగా నడవాలని సొంత సామాన్లే తగలబెట్టుకుని వచ్చిన కార్న్‌వాలిస్, పడవల్లేక ఒడ్డునే ఆగిపోయాడు. అక్టోబరుకల్లా యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు.

ఇదే పెద్దమనిషి గవర్నర్ జనరల్‌గా మన దేశానికొచ్చి, 1791 మేలో టిప్పు మీద శ్రీరంగపట్నం దాకా వెళ్ళాడు. అక్కడ పోరులో గెలిచాడు కూడా. కానీ ఎడ్లు చచ్చిపోయాయి, తిండి లేదు. పెద్ద ఫిరంగుల్ని తనే పగలగొట్టించుకుని బెంగళూరు తిరుగుముఖం పట్టాడు.

ధాన్యం మోస్తే యుద్ధం గెలుస్తారా, ధైర్యం అక్కర్లేదా అంటారేమో. మేలో ఆ సైనికులకి ధైర్యం తక్కువైందా? లేదే! తక్కువైంది గింజలు. 1792 ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చి గెలిచాడంటే, ఈసారి వేల ఎడ్ల మీద ధాన్యం తెచ్చిన బంజారాలు వెనకున్నారు. అంటే మనం లంబాడీలు అనేవాళ్ళే.

మరి ఎవరికేం దక్కింది? ఆయనకి మార్క్వెస్ బిరుదు, మద్రాసులో విగ్రహం. రోడ్లు, రైళ్ళు వచ్చి ఎడ్ల రవాణా దెబ్బతిన్నాక, అదే బ్రిటిష్ ప్రభుత్వం చాలాచోట్ల బంజారాలని 'నేరస్థ తెగల' జాబితాలో పడేసింది! అవసరం ఉన్నన్నాళ్ళూ మిత్రులు, తీరాక దొంగలు. నేను చదివిన స్కూలు పుస్తకాల్లో టిప్పు ఉన్నాడు, కార్న్‌వాలిస్ ఉన్నాడు, ఆ ఎడ్లు తోలిన ఒక్క నాయక్ పేరూ లేదు.

మన ఆఫీసుల్లోనూ అంతే కదా. డెమో ఇచ్చినవాడికి చప్పట్లు, అర్ధరాత్రి సర్వర్ నిలబెట్టినవాడి పేరు మెయిల్లో కూడా ఉండదు. కనీసం మనవాడికి జీతమైనా వస్తుంది, దొంగ అన్న ముద్ర పడదు.

ఇకమీదట ఎవరైనా ఫలానా రాజు యుద్ధం గెలిచాడంటే ఒక్క ప్రశ్న వేయండి: ఆ పూట గింజలు తెచ్చిందెవరు?