మరమ్మతు అంటే అమానత్

మరమ్మతు, రసీదు, జవాబు. మూడూ మన ఉర్దూ నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలే. రిపేరు దుకాణాల్లో మాత్రం మొదటిదే మిగిలింది. రసీదు ఇవ్వరు, జవాబు అసలే ఇవ్వరు.

బాపట్లలో మా ఇంట్లో నాత్‌లు, ఖవ్వాలీలు వినే పాత యాంప్లిఫైయర్ ఉంది. ఎడమ స్పీకర్ గుర్రుమంటుంటే తెనాలిలో ఒక దుకాణంలో ఇచ్చాను. వారం తర్వాత ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టగానే కాలిన వాసన. రెండు స్పీకర్లూ మూగబోయాయి. అడిగితే, "పాత సామాను భాయ్, దానికదే పోయింది" అన్నాడు.

దానికదే పోలేదు. రేపల్లెలో ఒక ఉస్తాద్ మూత విప్పి చూపించారు. పవర్ ట్రాన్సిస్టర్‌కీ, దాని వేడిని లాగే అల్యూమినియం దిమ్మకీ మధ్య ఉండాల్సిన మైకా బిళ్ళ లేదు. అది లేకపోతే నేరుగా షార్టే. ఫ్యూజు ఉంటే తెగి కాపాడేది. దాని చోట రాగి తీగ చుట్టారు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ కాలింది.

దీన్ని ముందే పట్టుకోవడానికి పెద్ద ఇల్మ్ అక్కర్లేదు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును కరెంటు దారిలో సిరీస్‌లో పెట్టి యాంప్లిఫైయర్ ఆన్ చేయాలి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సాధారణంగా ఖైర్. దేదీప్యంగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టే. బల్బు కరెంటును అదుపు చేస్తుంది కాబట్టి సామాను కాలదు.

"గరీబు మిస్త్రీ మీద ఇంత గుస్సా ఎందుకు?" అంటారు మనవాళ్ళే. చెయ్యి జారడం ఏ కారీగర్‌కైనా జరుగుతుంది. జారిన సంగతి దాచి, పైసలు తీసుకుని పంపడం ఖయానత్. వస్తువు ఇచ్చినవాడూ గరీబే కావచ్చు కదా! గుర్బత్ పేరు చెప్పి అబద్ధాన్ని మాఫ్ చేస్తే, ఈమాన్‌దారీగా పనిచేసే ఉస్తాద్‌కే నుక్సాన్.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పైసలు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే జిల్లా కమిషన్‌కు వెళ్ళొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సలహాకు 1915 నంబరు ఉంది. కానీ చేతిలో రసీదు లేకపోతే ఏం చూపిస్తారు?

అందుకే వస్తువు ఇచ్చేటప్పుడే దాని హాలత్ రాయించుకోండి. తీసిన పాత భాగాలు వెనక్కి అడగండి. మీ కళ్ళ ముందు ఆన్ చేయించాకే పైసలివ్వండి. ఇది షక్ కాదు, మన హక్. మొహమాటపడి వదిలేసిన ప్రతిసారీ, ఆ రాగి తీగ ఇంకొకరి ఇంటికి చేరుతుంది.