గృహచిత్రములు – బాలదృష్టి

మేడ్చల్, శామీర్‌పేటలలో పెంకుటిండ్ల చోట బహుళ అంతస్తుల భవనములు వెలయుచున్న ఈ కాలమునను, ఇల్లు గీయుమన్నంతనే శిశువు రెండు కొండలు, నడుమ సూర్యుడు, త్రికోణపు కప్పుగల కుటీరమునే గీయుట, పరిశీలనకు ముందే అనుకరణము నేర్పిన మన బోధనాదోషము. చిత్రకారుల దృష్టి యిందులకు భిన్నము: వాన్‌గో 1888లో ఆర్లు పట్టణమున తా నద్దెకు గొన్న పసుపుపచ్చని యింటిని, ఎడ్వర్డ్ హాపర్ 1925లో రైలుకట్ట చెంతనున్న యేకాకి భవనమును చిత్రించిరి. రైలుకూత వినుచు పెరుగు మేడ్చల్ బాలునకు రెండవది పరాయిది కానేరదు. ఆ 1925లోనే, శామీర్‌పేట మీదుగా పోవు రాజీవ్ రహదారిపై నున్న సిద్దిపేటలో, తెలంగాణ పల్లెబ్రతుకును వర్ణములలో నిలిపిన కాపు రాజయ్య జన్మించెను. ఆయన చిత్రములతో నారంభించి, చిత్రకారుల పేర్లు వల్లెవేయింపక, "ఈ యింట నెవరుందురు? తలుపేల మూసిరి?" అని యుపాధ్యాయు లడిగి, పిమ్మట తన యిల్లు తాను చూచినట్లు గీయు స్వాతంత్ర్యము బిడ్డ కీయవలెను. ఇందులకు వారమునకొక గడియ చాలును.