అమ్మ ఒడిలో ఎండ

ఉత్తరముఖం మంచిదని ఏరికోరి తీసుకున్న ఫ్లాట్ మాది. హైదరాబాద్‌లో ఇరవై అడుగుల సందు, కింది అంతస్తు. డిసెంబర్ వస్తే సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. మా బిల్డింగే మాకు అడ్డం, ఇంట్లోకి ఎండపొడ రాదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని అమ్మ, ఎదురింటి పిట్టగోడ మీద పడే నీరెండను కిటికీలోంచి చూస్తూ కూర్చునేది.

ఆ ఎండనే కిందికి దించాలనిపించింది. మొదట అట్టకు వంటింటి ఫాయిల్ అంటించి చూశాను. ముడతలు వెలుగును తలో దిక్కుకూ చెదరగొట్టాయి. కిటికీకి చేరింది చేప పొలుసుల్లాంటి తళుకే. చివరికి పాత బీరువా అద్దాన్ని, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుది, ప్లైవుడ్‌కు బిగించాను. ఎదురింటివాళ్లు తమ పిట్టగోడ మీద పెట్టనిచ్చారు. గాలికి పడకుండా ఇనుప తీగతో రెండుచోట్ల కట్టి, దాదాపు నిలువుగానే నిలిపి, మొహం కాస్త పైకెత్తాం. మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మ ఒడిలో చీర మడతంత ఎండ పడింది. ఆవిడ రెండు చేతులూ అందులో పెట్టుకుంది.

కదలని అద్దంతో చిక్కల్లా ఒకటే. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీల దాకా జరుగుతాడు, మళ్లించిన ఎండా అంతే జరుగుతుంది. ముప్పై అడుగుల దూరంలో అది పది నిమిషాలకు అడుగుకు పైగా పక్కకు పోతుంది. కాబట్టి మాకు దక్కేది అరగంట.

ఇటలీలోని విగనెల్లా గ్రామం 2006లో కొండ మీద 40 చదరపు మీటర్ల అద్దం పెట్టి, సూర్యుణ్ణి అనుసరించేలా తిప్పుతోంది. నార్వేలోని ర్యూకాన్‌లో సెప్టెంబర్ చివరి నుంచి మార్చి దాకా కొండల నీడే. 2013లో అక్కడ కొండ మీద మూడు అద్దాలు నిలబెట్టి ఊరి కూడలిలోకి ఎండ తెచ్చారు. ఎండ అందరికీ చెందాలన్న ఆ ఆలోచన నాకెంతో నచ్చింది.

మన దగ్గర అడ్డం కొండలు కావు, మనం కట్టుకున్న గోడలే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా అనుభవించిన వెలుతురును హక్కుగా గుర్తిస్తుంది. పుట్టుకతోనే నీడలో పడిన కింది ఇంటికి ఆ రక్షణ ఏదీ? ప్లాన్ మంజూరు చేసేటప్పుడే, డిసెంబర్ మధ్యాహ్నం ఏ కిటికీకి ఎండ తగులుతుందో చూపమని బిల్డర్‌ను అడగాలి. పార్కింగ్ లెక్క అడిగినంత గట్టిగా అడగాలి.

సంక్రాంతి దాటింది. సూర్యుడు పైకెక్కుతున్నకొద్దీ మా ఎండ కిటికీ కిందికి జారుతోంది. ఈ ఆదివారం అద్దం ముందు అంచు కింద ఇంకో చెక్కముక్క పెట్టాలి. అమ్మ ఇప్పటికే రెండుసార్లు గుర్తు చేసింది.